నర్సు ధర్మం: ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం మనకు నేర్పేది

ప్రతి సంవత్సరం మే 12వ తేదీన మన ఆస్పత్రులలో నర్సుల దినోత్సవం జరుగుతుంది. చేతిలో దీపం పట్టుకొన్న ఒక దొరసాని ఫొటోకు దండ వేస్తారు. కొవ్వొత్తులు వెలిగించి, నర్సుల ప్రమాణం చదివి, టీ బిస్కట్లు ఇచ్చి ముగిస్తారు. ఆ ఫొటోలోని ఆమె ఫ్లారెన్స్ నైటింగేల్ అని అందరికీ తెలుసు. రాత్రిపూట దీపంతో వార్డులో తిరిగిందనీ తెలుసు. అంతకు మించి తెలిసినవారు నర్సులలో కూడా తక్కువే. మనం చదివే ఆ ప్రమాణాన్ని ఆమె వ్రాయలేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. దానిని 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సు ఆధ్వర్యంలో ఒక సంఘం తయారుచేసి, గౌరవార్థం ఆమె పేరు పెట్టింది.

ఆరోగ్య శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైన నన్ను, ఈ ప్రత్యేక సంచికకు ఆమె జీవితం గురించి వ్రాయమని సంఘం పెద్దలు కోరారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఎందుకంటే దీపం కంటే పెద్ద విషయం ఆమె జీవితంలో ఉంది. రోగి మంచం పక్కన నిలబడినప్పుడు ఏది చేయాలి, ఏది చేయకూడదు, ఎవరి మాట వినాలి, ఎక్కడ ఎదురు చెప్పాలి అని తేల్చుకోవలసిన ఘడియలు వస్తాయి. ఆ ఘడియలలో ఆమె ఒకే కొలబద్ద పట్టుకుంది. దీనివల్ల రోగికి కీడు జరుగుతుందా, మేలు జరుగుతుందా అన్నదే ఆ కొలబద్ద. అది నర్సులకే కాదు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులను చూసుకొనేవారికీ, ఈ వయసులో రేపోమాపో మంచం పట్టవలసిన మనకూ పనికివస్తుంది.

పుట్టుక, పట్టుదల

ఫ్లారెన్స్ 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. పుట్టిన ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలిగినవారు, రెండు పెద్ద బంగళాలున్నవారు. అక్క పేరు పార్థినోప్. తండ్రి విలియం నైటింగేల్ కూతుళ్లిద్దరికీ తానే లాటిన్, గ్రీకు, చరిత్ర చెప్పాడు. ఆడపిల్లలకు అంత చదువు చెప్పడం ఆ రోజుల్లో అరుదు. ఫ్లారెన్స్‌కు లెక్కలంటే ప్రాణం. ఆ లెక్కలే తరువాత వేలాది ప్రాణాలు కాపాడాయి.

పదహారేళ్ల వయసులో, 1837లో, దేవుడు తనను ఏదో సేవకు పిలిచినట్టు ఆమెకు అనిపించింది. ఆ సేవ ఏమిటో తేలడానికి ఏళ్లు పట్టింది. నర్సు కావాలని 1845లో ఇంట్లో చెప్పినప్పుడు ఇల్లు దద్దరిల్లింది. అందుకు కారణం లేకపోలేదు. అప్పటి ఆస్పత్రులు దిక్కులేని బీదవారు చేరే చోట్లు. నర్సులంటే చదువు లేనివారనీ, తాగుబోతులనీ పేరు. మర్యాదస్తుల కుటుంబాల నుండి ఆ పనికి ఎవరూ వెళ్ళేవారు కారు. మన ప్రాంతంలో కూడా కూతురు నర్సు ట్రైనింగుకు పోతానంటే, ఎవరెవరినో తాకాలి, రాత్రి డ్యూటీలు చేయాలి, పెళ్ళి కాదు అని ఇంటిల్లిపాదీ ఏడ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తే.

ఆమె ఇల్లు విడిచి పారిపోలేదు, పట్టు విడవనూ లేదు. తెల్లవారకముందే లేచి ఆస్పత్రుల నివేదికలు తెప్పించుకొని చదివేది. మంచి సంబంధం వచ్చినా, ఆయన మీద ఇష్టం ఉన్నా, 1849లో కాదని చెప్పింది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఒక ఏళ్లు.

మొదటి షరతు

1853లో లండన్‌లోని హార్లీ స్ట్రీట్‌లో, డబ్బు లేని మర్యాదస్తుల స్త్రీల కోసం ఉన్న చిన్న ఆస్పత్రికి ఆమె సూపరింటెండెంటు అయింది. దానిని నడిపే కమిటీవారు తమ చర్చికి చెందిన రోగులనే చేర్చుకోవాలనుకున్నారు. ఆమె అందుకు ఒప్పుకోలేదు. కాథలిక్కులనైనా, యూదులనైనా చేర్చుకోవాలి, వారి వారి మతగురువులు వచ్చి చూసిపోవడానికి అనుమతి ఉండాలి, లేకపోతే తాను పనిచేయనని తేల్చి చెప్పింది. కమిటీ దిగివచ్చింది.

ఉద్యోగంలో చేరీచేరగానే పైవారితో ఇలా మాట్లాడడానికి ఎంత ధైర్యం కావాలో, ఉద్యోగాలు చేసి వచ్చిన మనకు వేరే చెప్పనక్కరలేదు. రోగికి కులం, మతం, డబ్బు, పలుకుబడి అంటగట్టి చూడరాదన్న సూత్రం ఇవాళ ప్రపంచంలోని నర్సుల నియమావళి అంతటిలో ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటిసారి ఆ నియమావళిని ప్రకటించి, 2021లో మళ్ళీ సవరించింది. దానికి వందేళ్ల ముందే ఆమె ఆ సూత్రం కోసం తన ఉద్యోగాన్ని పణంగా పెట్టింది.

స్కుటారిలో ఎదురుచూపు

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీ కలిసి రష్యాతో క్రిమియాలో యుద్ధం చేస్తున్నాయి. గాయపడిన ఇంగ్లీషు సైనికులను ఓడలలో టర్కీలోని స్కుటారికి తెచ్చి, ఒక పెద్ద బారక్కులో పడవేసేవారు. అక్కడి దుస్థితి పత్రికలలో వచ్చింది. ప్రజలు మండిపడ్డారు. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్‌ను పంపాడు. 38 మంది నర్సులతో ఆమె 1854 నవంబరు 4న స్కుటారి చేరింది.

అక్కడి మిలిటరీ డాక్టర్లకు వీరి రాక ఇష్టం లేదు. ఆడవాళ్ళు, పైగా మంత్రి పంపినవారు, తమ మీద నిఘాకు వచ్చారేమోనని అనుమానం. వార్డులలోకి రానివ్వలేదు. లోపల సైనికులు గాయాలతో, విరేచనాలతో, పురుగులతో నేల మీద పడి ఉన్నారు. బయట 38 మంది నర్సులు చేతులు కట్టుకొని కూర్చున్నారు. ఆమె డాక్టర్లు పిలిచేదాకా ఎవ్వరూ రోగిని ముట్టరాదని తన నర్సులకు ఆజ్ఞ ఇచ్చింది. దిండ్లు, కట్లు, చొక్కాలు కుట్టించింది. నర్సులలో కొందరికి ఆమె మీద ఒళ్ళు మండిపోయింది. సాయం చేయడానికి వచ్చి, కళ్ళముందు మనుషులు చస్తుంటే కుట్టుపనా అని వారి బాధ.

ఇది తేలికైన నిర్ణయం కాదు. ఆమె లెక్క ఇది. డాక్టర్లను కాదని లోపలికి దూసుకుపోతే ఆ రోజుకు పదిమందికి నీళ్లు తాగించవచ్చు. కాని మరునాడే నర్సులందరినీ ఓడ ఎక్కించి వెనక్కు పంపేస్తారు. అటు తరువాత వచ్చే వేలమందికి ఎవరూ ఉండరు. నవంబరు 5న ఇంకెర్మన్ యుద్ధం జరిగి, గాయపడినవారు గుంపులు గుంపులుగా రావడంతో డాక్టర్లే వచ్చి నర్సులను పిలిచారు. అప్పటి నుండి వార్డులు వారి చేతికి వచ్చాయి.

అలాగని ఆమె ప్రతి రూలుకూ తల వంచింది అనుకోరాదు. గిడ్డంగిలో సరుకు ఉన్నా, ఫారం మీద ఫలానా అధికారి సంతకం లేదని రోగికి చొక్కా ఇవ్వని కాలం అది. మనం చూడని ఆఫీసా అది! ఆమె అక్కడ ఎదురుచూడలేదు. పత్రికవారు పోగుచేసిన విరాళంతో, తన సొంత డబ్బుతో బజారులో చొక్కాలు, పాత్రలు, సబ్బులు కొనిపించింది. కొత్తగా వందల మంది గాయపడినవారు వస్తున్నారని తెలిసి, పాడుబడిన వార్డులను కూలివారిని పెట్టి తానే బాగుచేయించింది. ఆ డబ్బు ప్రభుత్వం తరువాత తిరిగి చెల్లించింది.

ఒకచోట ఆజ్ఞ కోసం ఆగింది, మరొకచోట ఆజ్ఞ లేకుండానే ముందుకు పోయింది. పైకి చూస్తే ఇవి రెండూ ఒకదానికొకటి పొసగవు. రెండింటిలోనూ ఆమె చూసింది రోగినే. వైద్యం డాక్టరు బాధ్యత, దానిలో తలదూర్చితే రోగికే నష్టం. చొక్కా లేక చలికి వణకడం వైద్యం కాదు, అది కాగితాల జబ్బు. దానికి లొంగితే రోగికి నష్టం. ఏ రూలు రోగిని కాపాడుతుంది, ఏ రూలు రోగిని చంపుతుంది అని వేరుచేసి చూడగలగడమే నర్సుకు కావలసిన వివేకం.

లెక్కలు చెప్పిన చేదు నిజం

ఇంత చేసినా ఆ చలికాలంలో చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో స్కుటారి ఆస్పత్రిలో నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య కమిషన్ వచ్చి తవ్వి చూస్తే, ఆస్పత్రి కిందనే మురుగు కాలువలు పూడిపోయి కుళ్ళుతున్నాయి. తాగే నీరు వచ్చే దారిలో జంతు కళేబరం ఉంది. కాలువలు కడిగించారు, నీటిని శుభ్రం చేశారు, గాలి వచ్చేట్టు కిటికీలు పెట్టించారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు దిగాయి.

1856లో ఆమె ఇంగ్లండు తిరిగి వచ్చేసరికి దేశమంతా ఆమెను దేవతగా కొలుస్తున్నది. ఊరేగింపులు వద్దని మిస్ స్మిత్ అనే మారుపేరుతో చడీచప్పుడు లేకుండా ఇల్లు చేరింది. ఆ తరువాత విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చొని చావుల లెక్కలు తీసింది. తుపాకి గుండ్ల వల్ల చనిపోయినవారికంటే ఆస్పత్రిలో సోకిన జబ్బుల వల్ల చనిపోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. అంటే ఏ ఆస్పత్రి వల్ల ఆమెకు అంత పేరు వచ్చిందో, ఆ ఆస్పత్రే ఆ చలికాలమంతా మనుషులను చంపుతూ వచ్చింది. అంతకుముందు ఆమె తిండి, బట్ట, మందులు అందకపోవడమే చావులకు ముఖ్య కారణమని నమ్మింది.

ఇక్కడే నా దృష్టిలో ఆమె జీవితంలోని అతి పెద్ద నిర్ణయం ఉంది. ఆ లెక్కలను అటకెక్కించి ఉంటే ఆమెను అడిగేవారు లేరు. ఆమె అలా చేయలేదు. రంగుల చక్రం లాంటి పటాలు గీయించి, ఏ నెలలో ఎందరు ఎందువల్ల చనిపోయారో 1858లో అచ్చువేయించి, మంత్రులకు, డాక్టర్లకు, పార్లమెంటు సభ్యులకు పంచింది. అదే సంవత్సరం గణాంక శాస్త్ర సంఘం ఆమెను తొలి మహిళా సభ్యురాలిగా చేర్చుకొన్నది.

ఆస్పత్రి చేయవలసిన మొట్టమొదటి పని రోగికి కీడు చేయకుండా ఉండడమేనని ఆమె ఆస్పత్రుల గురించిన తన పుస్తకంలో వ్రాసింది. వినడానికి వింతగా ఉన్నా, కన్నీళ్లతో నేర్చుకొన్న పాఠం అది. ఇంజెక్షన్ ఒకటి బదులు ఒకటి ఇచ్చినా, సెలైన్ పెట్టిన చోట వాచినా, ముసలి రోగి మంచం మీద నుండి పడినా, జరిగింది జరిగినట్టు కేస్‌షీట్‌లో వ్రాయాలి. దాచితే ఆ రోజుకు మనం బతుకుతాము, మరునాడు ఇంకొక రోగి చస్తాడు.

ఇంట్లో రోగి ఉన్నవారికి

ఆమె నర్సింగ్ పుస్తకం నర్సుల కోసం వ్రాసినది కాదు. ఇంట్లో రోగిని చూసుకొనే సాధారణ స్త్రీల కోసం వ్రాసినది. అందులోని కొన్ని సంగతులు మన పెన్షనర్ల ఇళ్లకు అచ్చంగా సరిపోతాయి గనుక చెబుతాను.

పరామర్శకు వచ్చినవారి గురించి ఆమె ఘాటుగానే వ్రాసింది. రోగికి తన జబ్బు సంగతి తెలుసు. వచ్చినవారు ఏమీ తెలియకుండా, నీకేమీ లేదు, వారంలో లేచి తిరుగుతావు అంటూ ఉత్త ధైర్యం చెబుతారు. ఒకరు ఈ మందు, ఒకరు ఆ పసరు అని సలహాలు ఇస్తారు. దానివల్ల రోగికి ధైర్యం రాదు, తన బాధ చెప్పుకొనే దారి మూసుకుపోతుంది. అలాగే తలుపు అవతల నిలబడి గుసగుసలాడడం రోగికి పెద్ద హింస అని హెచ్చరించింది. మాట్లాడితే వినబడేట్టు మాట్లాడాలి, లేదంటే దూరంగా పోవాలి. నిద్రపోతున్న రోగిని ఊరికే లేపరాదు.

రోగి గుట్టు నర్సు కడుపులోనే ఉండాలన్నది మరొకటి. అడిగే హక్కు ఉన్నవారికి తప్ప ఇంకెవరికీ రోగి విషయాలు చెప్పరాదు. మన ఊళ్ళలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. సిస్టర్ ఇంటికి పోయే దారిలోనే నలుగురు నిలబెట్టి, ఫలానావాళ్ళ కోడలికి ఏమైంది అని అడుగుతారు. చెప్పకపోతే గర్వమంటారు. అయినా చెప్పకూడదు.

అన్నిటికంటే విలువైన మాట మరొకటి ఉంది. తాను ఉన్నప్పుడు రోగికి అన్నీ చేయడం గొప్ప కాదు, తాను లేనప్పుడు కూడా అవి జరిగేట్టు ఏర్పాటు చేయడమే బాధ్యత అని ఆమె బోధించింది. ఒక్క కూతురు మీదనో, ఒక్క కోడలి మీదనో భారమంతా వేసి, ఆమె ఊరికి పోయిన రోజున మాత్రలు మరచిపోయే ఇళ్ళు మనలో ఎన్ని లేవు!

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. ప్రజలు ఇచ్చిన విరాళాలే దానికి పెట్టుబడి. 1865లో భారతదేశపు ఆస్పత్రులలో నర్సింగ్ ఎలా ఉండాలో సూచనలు వ్రాసి పంపింది. 1871లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ ప్రారంభమైంది.

మన కరువు, ఆమె కలం

ఆమె ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా దాదాపు నలభై ఏళ్లు మన దేశం గురించి చదువుతూ, వ్రాస్తూ గడిపింది. మొదట సైన్యం కోసం మొదలుపెట్టింది. ఇక్కడి ఇంగ్లీషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని, అందుకు కారణం పోరాటం కాక నీరు, మురుగు, ఇరుకు బారక్కులు అని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదికకు లెక్కలు తయారుచేసింది. పదేళ్లలో ఆ సంఖ్య వెయ్యికి 18కి దిగింది. సైనికుడి ఆరోగ్యం అతని చుట్టూ ఉన్న పల్లె ఆరోగ్యంతో ముడిపడి ఉందని గ్రహించాక ఆమె దృష్టి రైతు మీదికి మళ్ళింది.

1876-78 నాటి ధాత కరువు గురించి మన తాతముత్తాతలు చెప్పుకొనేవారు. హొళగుంద, ఆలూరు, ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే కర్నూలు జిల్లాలో కలిశాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే బళ్ళారి జిల్లాలో సుమారు అయిదింట ఒక వంతు, కర్నూలు జిల్లాలో సుమారు నాలుగింట ఒక వంతు జనం తగ్గిపోయారు. అంత ఘోరం అది.

ఆ కరువులో మన వైద్యశాఖ చరిత్రకు వన్నె తెచ్చిన ఒక నిర్ణయం జరిగింది. ఖర్చు తగ్గించమని ఢిల్లీ కలకత్తా దొరలు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులు చేసే కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అరకిలో కూడా లేని తిండి, చాలునని 1877 జనవరిలో కోత పెట్టాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి కూడా, ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని శాస్త్రం చూపి ఎదురు నిలిచాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం ఆ కోతను సడలించవలసి వచ్చింది. నైటింగేల్ లండన్‌లో మంచం మీది నుండే పత్రికలకు వ్రాసింది. 1878లో భారత ప్రజల దుస్థితి గురించి దీర్ఘ వ్యాసం ప్రచురించింది. వడ్డీ వ్యాపారుల అప్పులు, సాగునీరు లేకపోవడం కరువును చావుగా మారుస్తున్నాయని వాదించింది.

గోదావరి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఆమెకు మిత్రుడు. కాలువల మీద ప్రభుత్వం డబ్బు తగలేస్తున్నదని పార్లమెంటులో ఆయనను తప్పుపట్టిన రోజులలో కూడా ఆమె ఆయన పక్షానే నిలబడింది. తుంగభద్ర నీటితో బళ్ళారి, కర్నూలు, అనంతపురం, కడప సీమల కరువు తీర్చవచ్చునని 1860లోనే తలపెట్టినవాడు కాటన్. ఆ ఆనకట్ట 1953 నాటికి గాని పూర్తి కాలేదు. ఇవాళ మన ప్రాంతపు పొలాలకు ఎల్లెల్సీ నీరు వస్తున్నదంటే, చివరి ఆయకట్టు దాకా రాదన్న మాట అటుంచి, ఆ ఆలోచన వెనుక ఉన్నవారిలో కాటన్ ఒకడు, ఆయనకు అండగా కలం పట్టినవారిలో ఒక నర్సు ఉంది. రోగికి సేవ మంచం దగ్గర మొదలవుతుంది, కాని రోగం పుట్టిన చోటుదాకా పోవాలన్నది ఆమె నమ్మకం.

ఆమె పొరపాట్లు

ఆమె అన్నీ సరిగానే చెప్పిందని నేను అనను. సూక్ష్మజీవుల వల్ల రోగాలు అంటుకుంటాయన్న సిద్ధాంతాన్ని చాలాకాలం నమ్మలేదు, వయసు మళ్ళాక ఒప్పుకొన్నది. పరీక్ష పెట్టి నర్సులకు రిజిస్ట్రేషన్ ఇవ్వాలని ఇంగ్లండులో ఉద్యమం వచ్చినప్పుడు గట్టిగా వ్యతిరేకించింది. పరీక్షలో తెలివి తేలుతుంది గాని గుణం తేలదని ఆమె వాదన. ఆమె పోయాక, 1919లో ఆ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకపోతే ఎవరు పడితే వారు నర్సునని చెప్పుకొని ఇంజెక్షన్లు వేస్తారు గనుక చట్టమే మంచిదయింది. అయినా ఆమె పట్టుకొన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. సర్టిఫికెట్ ఉన్న ప్రతి చేతిలోనూ దయ ఉంటుందా?

సైనికులకు సుఖవ్యాధులు రాకుండా, అనుమానం వచ్చిన స్త్రీలను పోలీసులు పట్టుకొని బలవంతంగా పరీక్ష చేయించే చట్టాలు 1860ల నుండి ఇంగ్లండులో వచ్చాయి. ఆమె వాటిని వ్యతిరేకించింది. సైన్యం ఆరోగ్యం కోసం అంత పాటుపడిన మనిషే, ఒకరి మేలు కోసం మరొకరి శరీరం మీద బలవంతం చేయరాదని నిలబడింది.

నాలుగు సూత్రాలు, మన దేవరగట్టు

ఈ కాలపు నర్సింగ్ విద్యార్థులకు నాలుగు నీతి సూత్రాలు నేర్పుతారు. 1979లో అమెరికాలో బోచాంప్, చిల్డ్రెస్ అనే ఇద్దరు పండితులు వాటిని పుస్తకంగా కూర్చారు. మేలు చేయడం, కీడు చేయకపోవడం, రోగి ఇష్టాన్ని గౌరవించడం, అందరికీ న్యాయంగా చూడడం. పైన చెప్పిన సంఘటనలలో ఈ నాలుగూ కనబడతాయి. చిక్కంతా ఒక సూత్రం ఇటు లాగితే మరొకటి అటు లాగినప్పుడే వస్తుంది.

మన హొళగుంద మండలంలోని దేవరగట్టు సంగతి తీసుకోండి. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో ఏటా కర్రల దెబ్బలకు ఎందరికో తలలు పగులుతాయి. పసుపు అద్దుకొని మళ్ళీ గుంపులో కలిసేవారు కొందరు. కొండ దగ్గర ప్రభుత్వం తాత్కాలిక వైద్య శిబిరం పెడుతుంది. ఆ డ్యూటీ చేసిన నర్సులకు తెలుసు, అక్కడ ఏ ఊరివాడు అని అడగరాదు. ముందు వచ్చినవాడికి కాదు, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడికి ముందు కట్టు కట్టాలి. అది న్యాయం. తలకు దెబ్బ తగిలినవాడు ఆదోని ఆస్పత్రికి పోనంటే ఏమి చేయాలి? తెలివిగా, స్పష్టంగా మాట్లాడుతున్నవాడైతే ప్రమాదం వివరించాలి, అతనివాళ్ళచేత చెప్పించాలి, అయినా వినకపోతే వ్రాసి పెట్టుకోవాలి గాని చేయి పట్టి ఈడ్చరాదు. వాంతులు చేసుకుంటూ, మాట తడబడుతూ, మనుషులను గుర్తుపట్టలేనివాడైతే, అతడు పోను అన్న మాట అతని నిర్ణయం కాదు, దెబ్బ పలికించిన మాట. అప్పుడు ప్రాణం కాపాడడమే ధర్మం. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి రోగిని దగ్గరగా, ఓపికగా గమనించాలి. నర్సుకు అన్నిటికంటే ముందు కావలసింది గమనించే కన్ను అని నైటింగేల్ చెప్పింది ఇందుకే.

పెద్ద జబ్బు బయటపడినప్పుడు, నాయనకు చెప్పొద్దమ్మా అని పిల్లలు నర్సును బతిమాలుతారు. ప్రేమతోనే అంటారు. అటువంటప్పుడు అబద్ధం చెప్పకుండా, రోగి ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ముందు ఆయననే మెల్లగా అడిగి చూడాలన్నది నా అనుభవం. కొందరు, అంతా పిల్లలకే చెప్పండి, నాకు వద్దు అంటారు. అది వారి ఇష్టం. కొందరికి పొలం పంచాలి, ఒక పెళ్ళి చేయాలి, ఒకరిని చూసి క్షమాపణ అడగాలి. వారికి నిజం దాచడమంటే మిగిలిన కాస్త కాలాన్నీ దోచుకోవడమే.

మంచం మీద యాభై ఏళ్లు, చివరి కోరిక

క్రిమియాలో 1855లో పట్టుకొన్న జ్వరం ఆమెను జీవితమంతా వదలలేదు. 1857 నుండి చాలా ఏళ్లు మంచానికే అంటుకొని ఉండేది. ఆమె చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ మంచం మీది నుండి జరిగిందేనని, వయసు వచ్చింది, ఇక మనవల్ల ఏమవుతుంది అనుకొనే మనం గుర్తుపెట్టుకోవాలి. చివరికి చూపు పోయింది. 1907లో ఇంగ్లండు రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదు పొందిన తొలి మహిళ ఆమె. 1910 ఆగస్టు 13న తొంభైవ ఏట లండన్‌లో కన్నుమూసింది.

ఆమె తన కోరికలు ముందే వీలునామాలో వ్రాసి పెట్టింది. తన దేహాన్ని వైద్య విద్య కోసం ఇవ్వాలనీ, ఆడంబరం లేకుండా పూడ్చాలనీ కోరింది. దేహదానం కోరిక నెరవేరలేదు. రాజులను, మహాకవులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో చోటు ఇస్తామన్నా బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. రాతి మీద ఆమె పూర్తి పేరు కూడా లేదు, రెండు పొడి అక్షరాలు, పుట్టుక, మరణాల వివరాలు మాత్రమే.

ఈ సంగతి మనకు దగ్గరి విషయం. తెలివి తప్పి ఐ.సి.యు.లో పడిన రోజున, ట్యూబులు వేయాలా వద్దా, మిషన్ మీద ఉంచాలా వద్దా అని పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. తేల్చుకోలేక అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. అటువంటి పరిస్థితిలో తనకు ఎటువంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే వ్రాసిపెట్టుకొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరుచేత ధ్రువీకరించుకొంటే చాలు. గెజిటెడ్ ఆఫీసర్ల సంతకాలకు జీవితమంతా తిరిగినవాళ్ళం, ఇంకొక్క సంతకం మనకు కష్టం కాదు.

వ్రాసినా వ్రాయకపోయినా, పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట ఒకసారి వారితో చెప్పి పెట్టండి. ఆ రోజు మీ మంచం పక్కన నిలబడే నర్సు ఎవరో మనకు తెలియదు. మీకేమి కావాలో తెలిస్తే ఆమె తన ధర్మం సరిగా చేయగలుగుతుంది.